పరపక్షపు అభిమన్యుడు

మనలను పాలించిన ప్రభుత్వపు సైన్యమున చేరి, మన సమ్మతి లేకయే మన నెత్తిన రుద్దబడిన యుద్ధమున, మనము కన్నెత్తి చూచి యెరుగని యొక నగరముపై నిప్పులు కురిపించి మరణించిన ఆంగ్ల యువకుని స్మరించుట తెలుగువారికి తగునా? 1942 నాటి జ్ఞాపకములు తాతల నోట విని పెరిగిన యిండ్లలో ఈ ప్రశ్న పుట్టుట సహజము. తగునని మా యభిప్రాయము. ఎట్లు తగునో, ఎంతవరకు తగునో విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ఆ యువకుని పేరు లెస్లీ థామస్ మాన్సర్. 1922వ సంవత్సరము మే 11వ తేదీన జన్మించెను. జన్మస్థలము లండను కాదు, న్యూఢిల్లీ. తండ్రి తంతి తపాలా శాఖలో ఇంజనీరు. బాలుడు కొంతకాలము డార్జిలింగు కొండలలోని కర్సియాంగ్ పట్టణమున విక్టోరియా పాఠశాలలో చదువుకొనెను. అనగా హిమాలయముల చలిగాలి పీల్చి, ఈ దేశపు అన్నము తిని యెదిగిన బాలుడన్నమాట. తరువాత కుటుంబము స్వదేశమునకు మరలి హర్ట్‌ఫర్డ్‌షైర్ మండలములో నివాస మేర్పరచుకొనగా, అక్కడి ఆల్డెన్‌హామ్ పాఠశాలలో విద్య ముగించెను. 1940 ఆగస్టులో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, రాజకీయ వైమానిక దళమువారు అతనిని స్వీకరించిరి. 1941 మే నెలలో అధికారి హోదా లభించెను. ఆ యేడు ఆగస్టు చివర 50వ నంబరు స్క్వాడ్రనులో చేరి, చేరిన రెండు దినములకే రెండవ పైలటుగా ఫ్రాంక్‌ఫర్టు నగరముపై దాడికి పోయెను. ఆ పిదప బెర్లిను, హాంబర్గు, కార్ల్స్‌రూహ నగరములు. నడుమ కొన్ని నెలలు శిక్షణశాలలలో గడపి, 1942 వసంతమున తిరిగి తన స్క్వాడ్రనునకే వచ్చెను. ఇరువది యేండ్లు నిండకమునుపే యింత పని.

ఆ ప్రాయమున మన యిండ్లలోని కుర్రవాడు ఇంటరు పరీక్ష వ్రాసి ఫలితముల కెదురుచూచుచుండును. ఆంగ్లదేశమున ఆ తరము కుర్రవానికి చీకటిలో ఏడుగురి ప్రాణములు అప్పగించి, సముద్రము దాటి పోయి రమ్మని చెప్పిరి.

వేయి విమానముల రాత్రి

1942 ఫిబ్రవరి నాటికి ఆంగ్ల ప్రభుత్వము తన బాంబుల విధానమును మార్చుకొనెను. అంతవరకు కర్మాగారములు, రైలు కూడళ్లు, నౌకాశ్రయములు గురిగా నుండెడివి. రాత్రివేళ ఆ చిన్న గురులు కనబడుట లేదనియు, బాంబులలో నధికభాగము పొలములలో పడుచున్నదనియు తేలిన పిదప, నగరములనే గురిగా చేయుమని ఆజ్ఞ వెలువడెను. శత్రుదేశపు పౌరజనుల, అందును పరిశ్రమలలో పనిచేయు కార్మికుల మనోధైర్యమును కూల్చుటయే లక్ష్యమని ఆ ఆజ్ఞాపత్రము మరుగు లేకుండ చెప్పినది. అదే నెలలో ఆర్థర్ హారిస్ బాంబరు కమాండునకు అధిపతి యయ్యెను. తన దళము శక్తిని లోకమునకు, ముఖ్యముగా తన మంత్రులకు చూపదలచి ఒకే రాత్రి వేయి విమానములను ఒకే నగరముపైకి పంపుటకు సంకల్పించెను. వేయి సంఖ్య చేరుటకు నిలువ దళము చాలలేదు. కనుక శిక్షణశాలలలోని ఉపాధ్యాయులను, ఇంకను చదువు ముగియని శిష్యులను, పాతబడిన యంత్రములను సైతము బయటికి తీసిరి. మే 30వ తేదీ రాత్రి 1,047 విమానములు రైను నదీతీరమందలి కొలోన్ నగరము మీదికి బయలుదేరెను.

అందులో మాన్సరు నడపిన విమానము మాంచెస్టర్ అను తెగకు చెందినది. ఆ విమానమును గూర్చి ఒక మాట చెప్పవలెను. అంత బరువును మోయవలసిన దేహమునకు రెండే యింజనులు. వల్చర్ అను ఆ యింజనులు వేడెక్కి ఆగిపోవుటకు, మంటలు లేచుటకు అపకీర్తి పొందినవి. ఒక యింజను చెడినచో రెండవదానితో ఇల్లు చేరుట గగనము. ఆ దేహమునకే నాలుగు మంచి యింజనులు తగిలింపగా లాంకాస్టర్ అను ప్రసిద్ధ విమానము పుట్టినది. మాంచెస్టరును ఆ జూను నెలలోనే యుద్ధరంగమునుండి తొలగించిరి. అనగా మరి నాలుగు వారములలో పనికిరాదని మూలకు త్రోయబోవు యంత్రమున నిప్పుబాంబులు నిండుగా ఎక్కించి ఈ యేడుగురిని పంపిరి. సేద్యగాండ్రకు వేరుగ చెప్ప నక్కరలేదు, కుంటి యెద్దును కట్టి బండి నిండుగా బరువు వేసినవాడు దారిలో బండివాని కేమగునో ఎరుగనివాడు కాడు.

లింకన్ నగరము చెంతనున్న స్కెల్లింగ్‌థార్ప్ విమానస్థలమునుండి వీరు లేచిరి. తక్కిన విమానములవలె ఎత్తునకు పోవుటకు ఈ యంత్రమునకు శక్తి చాలలేదు. లక్ష్యమును సమీపించునప్పటికి ఏడువేల అడుగుల యెత్తున నుండెను. సర్చిలైట్ల కాంతి పట్టుకొనెను. చుట్టును ఫిరంగి గుండ్లు పగులుచుండెను. మాన్సరు దారి తప్పక నగరముపై బాంబులు విడిచెను. మరుక్షణమే విమానమునకు దెబ్బ తగిలెను. వెనుక మరతుపాకి వానికి గాయమయ్యెను. ముందుగది పొగతో నిండెను. ఎడమ యింజను కాగిపోవుచుండెను. తప్పించుకొనుటకు వంకరలు తిరుగుచు వేయి అడుగుల లోపలికి దిగెను.

అప్పటికి అందరును పారాచూట్లతో దూకి బందీలు కావచ్చును. అది తప్పు గాదు, సైనికధర్మము దానిని అంగీకరించును. మాన్సరు దానికి ఇష్టపడక తన సిబ్బందిని ఇల్లు చేర్పవలెనని యంత్రమును రెండువేల అడుగులకు ఎక్కించెను. అంతలో ఎడమ యింజను భగ్గున మండెను. ఆ మంట లొంగుటకు పది నిమిషములు పట్టెను. లొంగిన పిదప ఆ యింజను మరల తిరుగలేదు. రెక్కలో కొంతభాగము కాలిపోయెను. వేగము తగ్గెను, ఎత్తు తగ్గెను. అయినను దగ్గరి స్థావరమునకు దారి మార్చి మరికొంత దూరము లాగెను. బెల్జియము భూమి మీదికి వచ్చునప్పటికి ఇక లాభము లేదని తేలెను. దూకుడని ఆజ్ఞ యిచ్చెను.

ఒక సార్జెంటు తన నాయకుని పారాచూటును తెచ్చి చేతికందీయబోయెను. మాన్సరు వలదని చేయి ఊపెను. విమానమును నిలుకడగా పట్టుట కొన్ని సెకండ్లే సాధ్యము, ఆలసింపక దూకుమని చెప్పెను. చుక్కాని విడిచిన మరుక్షణము విమానము బోర్లపడును. అతడు పారాచూటు తగిలించుకొన్నచో లోపలనున్నవారు చత్తురు. వారు దూకినచో అతడు చచ్చును. ఈ లెక్క వేయుటకు అతనికి దొరకిన కాలము నిమిషము కూడ లేదు. ఆకాశమునుండి దిగుచున్నవారు కన్నులారా చూచుచుండగా, విమానము బ్రే పట్టణము చెంత నేలకు కూలి మంటలలో మునిగెను. మాన్సరునకు ఇరువది యేండ్ల యిరువది దినములు.

బ్రతికినవారి కథ

చివరగా దూకిన సార్జెంటు అప్పటికి నేల కెంతో దగ్గరగా నుండెను. పారాచూటు పూర్తిగా విచ్చుకొనుటకు వ్యవధి లేదు. ఒక కాలువలోని నీళ్లు అతని ప్రాణము కాపాడినవి. ఆరుగురును బ్రతికిరి. ఒకడు జర్మనులకు పట్టుబడెను. తక్కిన ఐదుగురిని బెల్జియము రైతులు కొట్టములలో దాచి, అన్నము పెట్టి, బట్టలు మార్చి, చేతినుండి చేతికి అందించిరి. దొరికినచో ఆ రైతులకు మరణదండనము, వారి కుటుంబములకు చెరసాల.

అట్లు వచ్చినవారిని సరిహద్దులు దాటించుటకు 'కామెట్' అను రహస్యమార్గ మొకటి పనిచేయుచుండెను. దానిని నడపినది ఆంద్రే దె జాంగ్ అను యువతి. నాటికి ఆమెకు ఇరువదియైదేండ్లు. బ్రస్సెల్సు నుండి పారిసు, పారిసు నుండి పిరనీసు పర్వతములు, అక్కడినుండి రాత్రివేళ కాలినడకను స్పెయిను, పిమ్మట జిబ్రాల్టరు. ఈ ఐదుగురును ఈ దారినే ఆంగ్లదేశమునకు చేరిరి. ఆమెను 1943 జనవరిలో జర్మనులు పట్టుకొనిరి. ఆమె తండ్రిని 1944లో పారిసు వద్ద కాల్చి చంపిరి. ఆమె రావెన్స్‌బ్రూక్ చెరశిబిరము ననుభవించి బ్రతికి బయటపడి, తరువాతి కాలమున ఆఫ్రికాలో కుష్ఠరోగులకు సేవచేసి 2007లో మరణించెను. ఆకాశమున ఒకడు ఆరుగురిని కాపాడగా నేలమీద ఊరివారందరు కలిసి ఐదుగురిని కాపాడిరి. పతకము ఒకరికే వచ్చినను పుణ్యము పలువురిది.

ఆ యైదుగురు చెప్పిన సాక్ష్యమును బట్టియే 1942 అక్టోబరులో మాన్సరునకు మరణానంతరము విక్టోరియా క్రాస్ ప్రకటింపబడెను. ఆంగ్లరాజ్యమున వీరులకిచ్చు పతకములలో దానికి మించినది లేదు. అతని సమాధి బెల్జియములోని హెవర్లీ సైనిక శ్మశానమున నున్నది. నాటి స్కెల్లింగ్‌థార్ప్ విమానస్థలము నేడు ఇండ్లపేటగా మారినది, అందులో ఒక ప్రాథమిక పాఠశాల అతని పేర నడచుచున్నది. ఏ నేలనుండి నిప్పుబాంబులు లేచినవో ఆ నేలమీద పిల్లలు ఎక్కములు వల్లించుట కంటె సముచితమైన స్మారకము మరియొకటి లేదు.

క్రిందనున్నవారు

కథ ఇంతటితో ముగించువారు పెక్కండ్రు. కాని ముగింపగూడదు. విమానమున ఏడుగురుండిరి. కొలోను నగరమున ఏడులక్షలకు పైబడిన జనులుండిరి. గంటన్నరసేపు జరిగిన ఆ దాడిలో దాదాపు 470 మంది మరణించిరి. వారిలో సైనికులు కొలదిమంది, తక్కినవారందరును పౌరులు. 45 వేల మందికి పైగా నిలువ నీడ లేనివారైరి. విడిచిన బాంబులలో బరువును బట్టి మూడింట రెండువంతులు నిప్పుబాంబులే. కొలోనులోని మహాదేవాలయము మాత్రము నిలిచినది. దాడి చేసిన పక్షమున ఆ రాత్రి తిరిగిరాని విమానములు 41.

ఆ రాత్రి ఆరంభము మాత్రమే. 1943 జూలైలో హాంబర్గున అగ్నితుఫాను చెలరేగి ముప్పదివేలకు పైగా జనులు మరణించిరి. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెనున ఇరువదియైదువేల వరకు. మొత్తము జర్మనీలో మిత్రరాజ్యముల బాంబులచే చచ్చిన పౌరులు మూడు లక్షలనుండి ఆరు లక్షల వరకని చరిత్రకారుల అంచనాలు. రెండవ వైపు లెక్క కూడ చూడవలెను. బాంబరు కమాండులో ఎగిరినవారు సుమారు 1,25,000 మంది. వారిలో చచ్చినవారు 55,573. నూటికి నలుబదినలుగురు. వారందరును స్వచ్ఛందముగా చేరినవారు, పెక్కండ్రు ఇరువది, ఇరువదిరెండేండ్ల వారు. పంపినవారు నడివయస్సు దాటినవారు.

ఆంగ్లేయులు దీనికి చెప్పు సమాధానము మనకు తెలియనిది కాదు. మొదట చేసినవారు జర్మనులు గదా యందురు. వార్సాను, రాటర్‌డామును, కోవెంట్రీని కాల్చినవారెవరు? వాస్తవమే. నాజీ ప్రభుత్వము ఓడిపోవలసిన ప్రభుత్వమనియు, దాని చెరశిబిరములలో జరిగిన ఘోరము మానవచరిత్రలో సాటి లేనిదనియు మేమును ఒప్పుకొందుము. కాని ఈ సమాధానము మనకు కొత్తది కాదు. భారతమున సౌప్తికపర్వము చదివినవారు దీనిని ఇదివరకే వినియున్నారు. అర్ధరాత్రమున నిదురించు శిబిరముపై పడుటకు అశ్వత్థామ సిద్ధపడగా, నిద్రించువారిని చంపుట అధర్మమని మేనమామ కృపాచార్యుడు వారించెను. ధర్మసేతువును పాండవులే మొదట తెగగొట్టిరి గదా, మా తండ్రిని వారెట్లు చంపిరో నీ వెరుగవా యని అశ్వత్థామ బదులు చెప్పెను. చెప్పి లోనికి పోయెను. కృపుడును కృతవర్మయు ద్వారమున నిలిచి, పారిపోవచ్చినవారిని నరికి, శిబిరమునకు మూడు చోట్ల నిప్పు పెట్టిరి. వలదన్న కృపుడే నిప్పు పెట్టినవారిలో నొక్కడగుట వ్యాసుడు మనకు నేర్పిన చేదు పాఠము. యుద్ధము ముదిరిన పిదప వారించినవాడును వత్తి పట్టుకొనును.

ఆంగ్లదేశమునను వారించినవారు లేకపోలేదు. చిచెస్టర్ బిషప్పు జార్జి బెల్ 1944 ఫిబ్రవరిలో ప్రభువుల సభయందు లేచి నగరములకు నగరములు తగులబెట్టుట న్యాయమా యని మంత్రివర్గమును నిలదీసెను. యుద్ధము నడుచుచుండగా, తన దేశపు బిడ్డలే ఆ విమానములలో చచ్చుచుండగా, ఆ మాట యనుటకును ధైర్యము కావలెను. గెలిచిన పిదప రాజ్యము తన చేతికంటిన మసిని చూచి తానే సిగ్గుపడినట్లు బాంబరు కమాండు పేరెత్తుట తగ్గించెను. ఆజ్ఞ యిచ్చిన మంత్రులు కీర్తి పొందిరి, ఆజ్ఞ నెరవేర్చిన కుర్రవాండ్రు మరుగున పడిరి. లండనులో వారికి పెద్ద స్మారకము లేచుటకు 2012వ సంవత్సరము జూను 28 వరకు ఆగవలసి వచ్చెను. అందొక విశేష మున్నది. ఆ స్మారకమున 1939 నుండి 1945 వరకు జరిగిన బాంబుదాడులలో మరణించిన అన్ని దేశములవారిని కూడ స్మరించుచున్నామని ఒక శిలావాక్యము చెక్కించిరి. ఏడుపదుల యేండ్లకు గాని ఆ వాక్యము వ్రాయుటకు చేయి రాలేదు. వచ్చినందుకు సంతోషింపవలెను.

మన లెక్క

ఇక మన సంగతి. 1939 సెప్టెంబరు 3వ తేదీన లిన్‌లిత్‌గో ప్రభువు ఒక్క భారతీయ ప్రతినిధినైనను అడుగక ఈ దేశమును యుద్ధమున దింపెను. దానికి నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు, మన మద్రాసు మంత్రివర్గముతో సహా, రాజీనామా లిచ్చినవి. మాన్సరు మరణించుటకు రెండు నెలలైనను ముందు గాక, 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. పడినవి కొలదియే. అయినను తీరమంతయు వణికెను. జనులు బండ్లు కట్టుకొని, పసిపిల్లలను చంకనెత్తుకొని లోపలి గ్రామములకు తరలిరి. మద్రాసు నగరమునుండి ప్రభుత్వ కార్యాలయములే తరలిపోయెను. నాడు తీరపుటూళ్లవారికి లోపలి గ్రామములలో ఇంటి వసారాలు ఇచ్చి ఆదరించిన రైతుకుటుంబములు ఎన్నియో. పిడికెడు బాంబులకే మన మట్లు కలతపడితిమి గదా, వేయి విమానముల క్రింద నేలమాళిగలలో పిల్లలను అదుముకొని కూర్చున్న కొలోను తల్లుల గతి యేమై యుండును?

మరియొక సంబంధము కలదు. మొదటి ప్రపంచయుద్ధము చివరి యేడు, 1918లో, హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఇచ్చిన ధనముతో ఒక బాంబుల స్క్వాడ్రనును సిద్ధపరచిరి. దాని పేరు 110వ నంబరు హైదరాబాదు స్క్వాడ్రను. ఒక్కొక్క విమానము మీదను నిజాము కానుక యని వ్రాయించిరి. ఆ విమానములు ఫ్రాన్సునుండి లేచి జర్మను నగరములపై బాంబులు వేసినవి, వానిలో చాలభాగము తిరిగిరాలేదు. రెండవ యుద్ధమునను ఆ పేరు నిలిచినది. 1939 సెప్టెంబరు 4వ తేదీన, యుద్ధము ప్రకటించిన మరునాడే, విల్‌హెల్మ్స్‌హావెను వద్దనున్న జర్మను యుద్ధనౌకలపై తొలి దాడి చేసిన విమానములలో హైదరాబాదు స్క్వాడ్రనువి ముందు నడచినవి. నిజాము ఖజానాలోని ధనము ఏ చేలలో పండినదో తెలంగాణపు రైతునకు ఎవరును చెప్ప నక్కరలేదు. శిస్తు కట్టినవాడు తన రూకలు బాంబులై రైను తీరమున రాలునని కలనైన తలచెనా? ఆకాశయుద్ధమునకును మనకును సంబంధము లేదని చెప్పుటకు వీలులేదు. అడుగకయే మనలను అందులో భాగస్వాములను చేసిరి.

1942 ఆగస్టు వచ్చెను. క్విట్ ఇండియా తీర్మానము, నాయకుల నిర్బంధము, దేశమంతట అలజడి. ఆగస్టు 12వ తేదీన తెనాలిలో పోలీసులు కాల్పులు జరుపగా ఏడుగురు నేలకొరగిరి. నేటికిని రణరంగచౌకులో వారి స్తూపములు నిలిచియున్నవి. ఆ నెలలోనే, బీహారులో రైలుపట్టాలు తొలగించు జనసమూహములపై విమానములనుండి మరతుపాకులు కాల్చుటకు లిన్‌లిత్‌గో అనుమతించెను. మాన్సరు ఏ దళములో నుండి మరణించెనో, ఆ దళపు రెక్కలే ఈ దేశపు నిరాయుధుల మీద నీడ వేసినవి. అక్టోబరులో అతనికి విక్టోరియా క్రాస్ ప్రకటించునాటికి గాంధీమహాత్ముడు ఆగాఖాను సౌధమున బందీగా నుండెను. ఐరోపాలో స్వేచ్ఛకొరకు పోరుచున్నామని చెప్పిన రాజ్యము ఇక్కడ స్వేచ్ఛ యన్నవారిని చెరలో పెట్టెను. ఈ లెక్క మాఫీ చేయుమని మేము చెప్పుట లేదు. చేయము కూడ.

గాంధారి చూపిన దారి

అయినచో మాన్సరును ఎట్లు స్మరింపవలెను? దీనికి సమాధానము స్త్రీపర్వమున నున్నది. యుద్ధము ముగిసిన పిదప గాంధారి కురుక్షేత్రమున నిలిచి దివ్యదృష్టితో శవములను చూచెను. ఆమె నూర్గురు కొడుకులును ఆ నేలమీద పడియుండిరి. వారి కొరకు ఏడ్చుటకే ఆమెకు జన్మ చాలదు. అట్టి ఆమె కన్నులు అభిమన్యునిపై నిలిచినవి. అభిమన్యుడు పరపక్షమువాడు. ఆమె మనుమడు లక్ష్మణకుమారుని చంపినవాడు. అయినను ఆ బాలుని ముఖమును తుడుచుచు విలపించు ఉత్తరను చూచి గాంధారి కన్నీరు విడిచెను. వాడు శత్రువు బిడ్డ యని ఆమె కన్ను తిప్పుకొనలేదు.

ఇంతవరకు చెప్పి ఆపువారు సగము కథనే చెప్పినవారగుదురు. అభిమన్యునికై ఏడ్చిన ఆ గాంధారియే, ఆ రోజుననే, ఆ నేలమీదనే కృష్ణునివైపు తిరిగి, ఆపగలిగియు ఆపని నీవు నీ కులము నశింపగా చూతువని శపించెను. బాలునిపై జాలి పడినందున కారకుని విడువవలసిన పని లేదు. కారకునిపై కోపమున్నందున బాలుని కాలదన్నవలసిన పనియు లేదు. రెండును ఒక హృదయమున ఇముడునని వ్యాసుడు చూపెను, తిక్కన మన భాషలో మనకందించెను. దానికంటె గొప్ప నీతిశాస్త్రము ఐరోపా విశ్వవిద్యాలయములలో వెదకినను దొరకదు.

ఐరోపాలో దానికి సాటియైన శిల్పమొకటి మాత్రము కలదు. కేటె కొల్విట్జ్ అను జర్మను శిల్పి కుమారుడు పీటరు 1914 అక్టోబరులో పదునెనిమిదవ యేట బెల్జియమున యుద్ధములో మరణించెను. ఆ తల్లి ఏండ్ల తరబడి శ్రమించి, మోకాళ్లపై కూర్చున్న తలిదండ్రుల రెండు శిలామూర్తులను చెక్కి, 1932లో ఆ బెల్జియము శ్మశానమున నిలిపెను. కొలోను నగరమున, బాంబులచే కూలిన సెంట్ ఆల్బన్ దేవాలయమును మరల కట్టక, పైకప్పు లేని ఆ గోడల నడుమ ఆ మూర్తుల ప్రతిరూపములను నిలిపిరి. ఆ తలిదండ్రుల ముఖముల మీద దేశము పేరు లేదు. జర్మను తల్లి తన కొడుకునకై చెక్కినది, నేడు కొలోను మృతుల నడుమ నిలిచి అందరికొరకును ఏడ్చుచున్నది. ఆంగ్లదేశమున మాన్సరు తలిదండ్రులును అట్లే మోకరించియుందురు.

కావున మా ప్రతిపాదన యిది. మాన్సరు బాంబులు విడిచిన క్షణమును మనము పూజింప నక్కరలేదు. అది అతని రాజ్యము చేయించిన పని, దాని బాధ్యత ఆజ్ఞాపత్రముపై సంతకము పెట్టినవారిది, దానిలో అతని పాలు ఎంతయో అతని యంతరాత్మకు ఎరుక. పారాచూటు వలదని చేయి ఊపిన క్షణము మాత్రము ఏ రాజ్యమునకును చెందినది కాదు. అట్లు చేయుమని ఏ సేనానియు ఆజ్ఞ యీయలేదు. ఒక యువకుడు ఆరుగురి బ్రతుకునకు తన బ్రతుకును మారుగా నిచ్చెను. ఆ క్షణమును తెలుగువాడు స్మరించినచో తెనాలి వీరులకు ద్రోహము చేసినట్లు కాదు. పరులకొరకు ప్రాణమిచ్చుట ఏమో తెనాలి యెరుగును.

చివరగా మనవారిని గూర్చి. 1940లో ఇరువదినలుగురు భారతీయ వైమానికులు స్వచ్ఛందముగా ఆంగ్లదేశమునకు పోయి యుద్ధవిమానములు నడపిరి. వారిలో కొందరు తిరిగిరాలేదు. సిపాయిలుగా పోయి ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో, బర్మాలో మరణించిన మనవారి లెక్క వేలకు వేలు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప వారు పరుల యుద్ధమున చచ్చినవారని మన చరిత్రగ్రంథములు వారిని పక్కకు నెట్టినవి. ఆంగ్లేయుడు తన వైమానికుల పేర్లు రాళ్లమీద చెక్కించుకొనెను, మనవారి పేర్లలో పెక్కింటిని కూడ అతడే చెక్కించెను. మన యూళ్లలో వారికొక రావిచెట్టు గట్టైనను లేదు. ఏ యింటి గోడకైనను సైనిక దుస్తులలోని తాతగారి చిత్రపటము వ్రేలాడుచున్నచో, ఆ యింటివారు ఆయన పేరు, ఊరు, పోయిన చోటు, పోయిన తేదీ వ్రాసి పంచాయతీలో నిలుప ప్రయత్నింపవలెను. గ్రామ పెద్దలు దీనికి పూనుకొనినచో ఖర్చు స్వల్పము.

కురుక్షేత్రమున యుధిష్ఠిరుడు చేసినదియు ఇదియే. తన బంధువులకు మాత్రమే గాక, ఇరుపక్షములలోను నా యనువారు లేక పడియున్న వారికందరికిని చితులు పేర్పించి దహనము చేయుమని విదురాదులకు ఆజ్ఞాపించెను. గెలిచిన రాజు చేయవలసిన మొదటి పని యదియని అతడు తలచెను. కొలోను నేలమాళిగలలో చచ్చిన పేరులేని తల్లులకు, బీహారు పట్టాలమీద కూలిన రైతులకు, తెనాలి ఏడుగురికి, ఎడారులలో పడిన మన సిపాయిలకు, న్యూఢిల్లీలో పుట్టి బెల్జియమున కాలిపోయిన ఇరువది యేండ్ల కుర్రవానికి, ఒక్క దోసిటి నీరు విడుచుటకు మనకు చేతులు రావలెను.